ఆకుపచ్చ కండె

రాట్నం సగంలో ఆగింది. హేమావతి దారం మీది నుంచి వేళ్ళు తీసేసి, చేతులు ఒళ్ళో పెట్టుకుని, వంటింటి వైపు తిరిగి "అత్తా, నేను బయటుండా" అంది.

ఆ ఇంట్లో ఆ ఒక్క మాట చాలు. వంటింట్లో ఆదిలక్ష్మమ్మ గిన్నె మీద గిన్నె కొంచెం గట్టిగా పెట్టింది. మగ్గం గుంతలో కాళ్ళు పెట్టుకుని కూలికి నేస్తున్న ఎర్రిస్వామి తల పక్కకు తిప్పుకున్నాడు. అంగడికి బయల్దేరుతున్న మొగుడు గంగాధర, ఆమె లేస్తుంటే చూసి రెండడుగులు వెనక్కి వేశాడు. తెల్లారింది మొదలు హేమా నీళ్ళు, హేమా నా కండ్లద్దాలు, హేమా ఈ పోగు తెగింది చూడు అని ఆమెను తలా ఒక ముక్కగా పంచుకునే ఇల్లు ఒక్కసారిగా పక్కకు జరిగి దారి ఇచ్చింది. ఆమె దేన్నీ ముట్టుకోకుండా, ఎవరికీ తగలకుండా వసారా పక్క మెట్లెక్కి, మిద్దె మీది గదిలోకి పోయి తలుపేసుకుంది.

తలుపేసుకున్నాక చాప మీద కూర్చుని హాయిగా కాళ్ళు చాపుకుంది. ఆమె బయట లేదు. ఆమెకు ముట్టు నిలిచిపోయి అప్పటికే ఏడాది దాటింది.

ధర్మవరంలో చాలా ఇళ్ళలో ఈ పట్టింపులు ఎప్పుడో పోయాయి. పక్క వీధి ఆడపిల్లలు ఆ రోజుల్లో కూడా బండేసుకుని కాలేజీకి పోయొస్తున్నారు. గంగాధర ఇంట్లో మాత్రం పోలేదు. వాళ్ళు నేయించేవి ముహూర్తం చీరలు, పెళ్ళికూతురు పీటల మీద కట్టుకుని కూర్చునేవి. బయటున్న మనిషి నీడ పడితే పడుగు పోగులు తెగుతాయని ఆదిలక్ష్మమ్మకు వాళ్ళ అత్త చెప్పింది, ఆమె హేమావతికి చెప్పింది. నీడ పడకపోయినా పోగులు రోజూ తెగుతూనే ఉంటాయి, వాటిని కూర్చుని అతికేది హేమావతే. ఆ రెండు సంగతుల్నీ కలిపి చూసే ఓపిక ఆ ఇంట్లో ఎవరికీ లేకపోయింది.

అందుకని నెలకు మూడు రోజులు ఆమె మిద్దె మీద. తిండి పళ్ళెం మెట్ల మీద పెట్టి పోతారు, పెట్టినవాళ్ళు వెనక్కి తిరిగాక ఆమె దిగి తీసుకోవాలి. ఆ రోజుల్లో వంట ఆదిలక్ష్మమ్మ చేస్తుంది, చేసినంతసేపూ తన మోకాళ్ళను తిట్టుకుంటుంది. మగ్గానికి దారం కండెలు చుట్టడానికి ఎదురింటి నరసక్క వస్తుంది. నరసక్క చుడితే అది కూలి, సాయంత్రం పోయేటప్పుడు దుడ్లు చేతిలో పెట్టించుకుని పోతుంది. మిగతా నెలంతా అవే కండెలు, అదే రాట్నం, హేమావతి చుడితే అది ఇంటి పని. తేడా ఏమిటని ఆమె ఒకసారి అడిగింది. నీ ఇంట్లో నువ్వు చేసుకునేదానికి కూలేందే అని అత్త నవ్వింది. అది 'నీ ఇల్లు' అని ఆ నోట వినడం హేమావతికి అదే మొదలు.

పెళ్ళయిన కొత్తలో ఆ గది ఆమెకు జైలే. కింద అందరి మాటలూ వినపడుతుంటాయి, ఒక్కటీ ఆమెతో కాదు. ఏడ్చి ఏడ్చి ఏడుపు మీదే విసుగు పుట్టి, పాత క్యాలెండరు కాగితాల వెనక బొమ్మలు వేయడం మొదలుపెట్టింది. హిందూపురంలో డిగ్రీ చదివేటప్పుడు బాటనీ రికార్డులో ఆమె గీసిన బొమ్మల్ని లెక్చరరు పక్క సెక్షనుకు కూడా తీసుకుపోయి చూపించేవాడు. మందారాన్ని నిలువుగా కోసి లోపలి అండాశయం దాకా గీసిన చెయ్యి అది. ఒకరోజు పళ్ళెం పెట్టడానికి వచ్చిన గంగాధర, గాలికి మెట్ల మీదికి ఎగిరొచ్చిన కాగితం ఒకటి చూశాడు. తంగేడు పూల గుత్తి. చీర బుటాకు బాగుండాదే ఇది అన్నాడు.

బాగుంది సరే, ముట్టుకునేది ఎట్లా? బయటున్న మనిషి చేతి కాగితం. ఆదిలక్ష్మమ్మ దాని మీద పసుపు నీళ్ళు చల్లింది. ఇంకు కరిగి తంగేడు పువ్వు తంగేడు రంగులోనే కొట్టుకుపోయింది. ఇంకో నెల ఇంకో బొమ్మ, మళ్ళీ పసుపు నీళ్ళు, మళ్ళీ అదే కథ. ఆఖరికి ఆదిలక్ష్మమ్మ చాలాసేపు ఆలోచించి, కాగితానికి అంటు లేదని తీర్పు చెప్పింది. అప్పటి నుంచి ఆ ఇంటి చీరల మీది పూలూ తీగలూ అన్నీ, ఎవరూ తాకకూడని మనిషి చేతిలోంచే దిగి వచ్చాయి. బొమ్మ వేసేది ఆమె, దాన్ని గళ్ళ కాగితం మీదికి ఎక్కించేది ఆమె. ఆ గళ్ళను చూసి బజారులో అట్టలకు చిల్లులు కొడతారు, మగ్గం పైనున్న జాకార్డు ఆ చిల్లుల ప్రకారం పోగులు ఎత్తుతుంది, చీర దిగుతుంది. డిజైను ఎవరిదని కొనేవాళ్ళు అడిగితే గంగాధర మా ఇంటిదే అంటాడు. అబద్ధమేం కాదు, ఇంట్లో ఆమె కూడా ఉంది కదా. చుట్టాల ముందు మాత్రం, మా ఇంటామెకేం, నీడపట్టున కూర్చుని తింటాది, ఊరికే ఉండలేక బొమ్మలేస్తాంటాది అనేవాడు. అదీ ముద్దుగానే అనేవాడు.

మామూలు రోజుల్లో కాగితం పట్టుకుందామని ఆమె ఒకటి రెండుసార్లు చూసింది. పొద్దున్నే బొమ్మలేంది పిండి రుబ్బేది పెట్టుకోని అని ఒకరు, ఆ మూడు రోజుల్లో వేసుకుందువులే అని ఒకరు. అట్లా జైలు కాస్తా మెల్లగా ఆమె గది అయింది. ఆ మూడు రోజుల కోసం ఆమె నెలంతా ఎదురుచూసేది. పైకి చెబితే ఏ ఆడదైనా నవ్వుతుంది కాబట్టి ఎవరికీ చెప్పలేదు.

అట్లాంటిది పోయిన ఏడాది ఉగాదికి ముందు నెల ముట్టు రాలేదు. ఆ తర్వాతి నెలా రాలేదు, ఆపై నెలా రాలేదు. నలభై ఆరేళ్ళు. డాక్టరమ్మ సంతోషంగానే చెప్పింది, ఇంక మీకు ఆ బాధ లేదు పోండి అని. హేమావతి బస్టాండు దాకా నడిచొచ్చి బెంచీ మీద కూర్చుని ఏడ్చింది. వయసు పోయిందని కాదు, గది పోయిందని. నరసక్కకు నిలిచిపోయినప్పుడు ఆదిలక్ష్మమ్మ అన్న మాట ఆమెకు గుర్తుంది. ఆడదానికి అది నిలిచిపోతే పీడ పోయినట్లే, ఇంక నెలంతా ఇంటికి అక్కరకొస్తాది అంది. ఆ బెంచీ మీద కూర్చుని ఉండగా హేమావతికి తన మిగతా బతుకంతా కనిపించింది. అందులో పండగలున్నాయి, పెళ్ళిళ్ళున్నాయి, రోగాలున్నాయి, తనకంటూ ఒక్క పూట లేదు. ఇంటికి చేరేసరికి అబద్ధం తయారుగా ఉంది.

ఆ అబద్ధం ఆడటం అంత తేలికని ఆమె అనుకోలేదు. కనీసం మొగుడికైనా తెలియాలి. పక్కన పడుకునే మనిషి ఒంట్లో అంత పెద్ద సంగతి జరిగిపోతే గంగాధరకు తెలియనే లేదు. తెలియకపోవడం మంచిదే, దాని వల్లే కదా గది నిలిచింది. అయినా అది ఆమెకు లోపలెక్కడో గుచ్చుకుంది. బెంగళూరులో ఉద్యోగం చేసే కూతురు హరిణికి చెబుదామని ఒకసారి ఫోను చేసింది. తిన్నావా అమ్మా అని అది, తిన్నావా పాపా అని ఈమె, అంతటితో అయిపోయింది. ఆ ఏడాది పొడుగూ ఆమె ఒక్కతే మోసింది ఆ మాటను.

శ్రావణంలో పెనుకొండలో తమ్ముడి కూతురు పెద్దమనిషి అయింది. అంగడి వదిలి రాలేనని గంగాధర, మోకాళ్ళని ఆదిలక్ష్మమ్మ ఆగిపోతే, హేమావతి ఒక్కతే ప్యాసింజరు రైలెక్కి పుట్టింటికి పోయింది. పిల్లను చాప మీద కూర్చోబెట్టి, పూలజడ వేసి, చిమ్మిలి తినిపించి, వీధి వీధంతా హారతులు పట్టారు. పప్పన్నాలు పెట్టారు, మైకు కూడా పెట్టారు. మేనత్త కదా, మొదటి హారతి హేమావతిదే. పళ్ళెం పట్టుకుని పిల్ల ముందు నిలబడినప్పుడు ఆమెకు నవ్వొచ్చింది, దాని వెనకే దుఃఖమూ వచ్చింది. మొదలైందని ఊరంతా చెప్పుకుంటారు. అయిపోయిందని చెప్పుకోవడానికి ఆమెకు ఒక్క మనిషి లేదు.

ఆ మరునాడు పొద్దున మల్లిక వచ్చింది. డిగ్రీలో పక్కపక్కన కూర్చున్న మల్లికే, ఇప్పుడు హిందూపురం కాలేజీలో బాటనీ లెక్చరరు. వానలు పడ్డాక పెనుకొండ కొండ మీద మొక్కలు చూపించడానికి పిల్లల్ని వెంటబెట్టుకుని వచ్చి, ఊళ్ళోనే ఉన్నావు కదా రా అని ఫోను చేసింది. హేమావతి పట్టుచీర విప్పేసి పాత చీర కట్టుకుని వాళ్ళ వెంట కొండ ఎక్కింది. కోట గోడ దాటి, కొండ వెనక వాన నీళ్ళు పారే వంకలోకి దిగితే వెదురు పొదలు. కింద ఏళ్ళ తరబడి రాలిన ఆకు మెత్తగా నాని ఉంది. అక్కడ పిల్లలు ఏదో తొక్కబోతుంటే మల్లిక ఆగండర్రా అని కేక వేసింది.

హేమావతికి మొదట ఏమీ కనిపించలేదు. వంగి చూస్తే, కుళ్ళిన ఆకుల మధ్య వేలెడు కాడ, దాని కొసన చిన్న గంట లాంటి తెల్లని పువ్వు. కాడేమో లేత గోధుమ రంగు. ఎక్కడా పచ్చ లేదు, ఒక్క ఆకు లేదు. ఇదీ ఆర్కిడే అని చెప్పి మల్లిక పొడుగాటి శాస్త్రీయ నామం ఒకటి పలికింది. తెలుగు పేరు లేదా అని హేమావతి అడిగింది. ఎవరన్నా చూసింటే కదా పేరు పెట్టేకి అని మల్లిక నవ్వింది. ఏడాదంతా మట్టి కింద ఉంటుంది, వాన పడితే నాలుగు నాళ్ళు పైకి వస్తుంది, పువ్వు ఒక పూట ఉంటే ఎక్కువ.

ఆకు లేకుండా ఎట్లా బతుకుతుందని అడిగితే మల్లిక పుల్లతో తడి ఆకుల్ని కొంచెం పక్కకు జరిపింది. కింద బూజు. తెల్లని దారాలు, పట్టు పోగు కంటే సన్ననివి, ఆకు నుంచి ఆకుకు, కొమ్మ నుంచి వేరుకు అల్లుకుని ఉన్నాయి. కుళ్ళేదాన్నుంచి తిండి లాగి తెచ్చేది ఆ శిలీంధ్రమని, పువ్వు దాన్ని తిని బతుకుతుందని మల్లిక చెప్పింది. ఎండను అన్నంగా మార్చుకునే పచ్చదనం దీనికి పుట్టుకతోనే లేదంది. ఫ్రీగా తింటుందన్నమాట మేడం అని ఒక పిల్ల అంది, అందరూ నవ్వారు. హేమావతి నవ్వలేదు. నీడపట్టున కూర్చుని తింటాదనే మాట ఆమె చెవిలో ఇంకా ఉంది. ఆ లెక్కన ఈ పువ్వు తనే. కానీ దారాలు ఆమెకు తెలుసు. పొద్దున లేచి పడుకునే దాకా పోగు తెచ్చి పోగుకు ముడివేసేది, ఎవరి కంటా పడకుండా ఇంటికి తిండి మోసేది కూడా తనే. మరి ఎవరు ఎవర్ని తిని బతుకుతున్నట్టు? నెలంతా దారం, మూడు రోజులు పువ్వు. అంతకు మించి ఆమెకు తేలలేదు.

"ఇంకో చిత్రముండాది చూడు హేమా" అని మల్లిక పక్కకు చూపించింది. అక్కడ జానెడు పైన నిటారుగా లేచిన కాడ, కొసన పువ్వు లేదు, సన్నని కాయ ఉంది. "ఇదీ అదే. పువ్వున్నప్పుడు ఆకుల్లో దాక్కోనుంటాది. పువ్వు పోయినాకనే కాడ పెరుగుతాది. పైకి లేస్తే కదా ఇత్తనాలు గాలికి పోయేది."

పువ్వు పోయినాకనా అని హేమావతి మళ్ళీ అడిగింది. అవును, పోయినాకనే అంది మల్లిక. ఆ క్షణంలో హేమావతి చెప్పేయబోయింది. మల్లికా, నాకు నిలిచిపోయిందే, అయినా నేను అబద్ధమాడి ఆ గదిలోకి పోతాండా అని నోటి దాకా వచ్చింది. ఇంతలో పిల్లలు పైనుంచి మేడం మేడం అని పిలిచారు, మల్లిక లేచి పోయింది. హేమావతి ఆ కాడ పక్కన ఇంకాసేపు కూర్చుంది. తిరుగు రైల్లో కిటికీ పక్క సీటు దొరికినా బయటికి చూడలేదు.

ఆ నెలా తర్వాతి నెలా ఆమె మిద్దె మీద గీసింది ఆ పువ్వునే. కొంగు మీద ఇటుక రంగు నేల. అడుగున సన్నని తెల్ల దారాల అల్లిక, దాని మీద వేలెడు కాడలు, కాడలకు గంట పూలు, మధ్యమధ్యలో పువ్వు రాలి నిటారుగా లేచిన పొడుగు కాడలు. ఒక్క గడిలో కూడా పచ్చ లేదు. ఇన్నేళ్ళలో ఆమె వేసిన వాటిలో తన కోసం వేసుకున్నది ఇదొక్కటే. గంగాధర కాగితాన్ని వెలుతురుకు పట్టుకుని చాలాసేపు చూశాడు. ఆకులేవి అన్నాడు. దానికి ఉండవని ఆమె చెప్పింది. ఉండకుంటే ఎట్ల అని గొణిగి, అయినా బాగుండాది అన్నాడు. ఆయన బాగుండాది అనడం అరుదు. ఆ రోజంతా ఆమె చేతులు తేలిగ్గా ఆడాయి.

కార్తీకంలో ఒక పొద్దున, ఎర్రిస్వామి మగ్గం దగ్గర నుంచే ఆకుపచ్చ పట్టుదారం లడి ఒకటి ఆమె ముందుకు విసిరాడు. రెండు కండెలు తొందరగా చుట్టియ్యక్కా అన్నాడు. పచ్చెందుకబ్బా అని ఆమె అడిగింది.

"ఆకులకక్కా."

లేచి పోయి చూసింది. ప్రతి పువ్వు కాడ మొదట్లో రెండేసి ఆకులు, తమలపాకులంత లావున నిగనిగలాడుతున్నాయి. పొడుగు కాడలు లేనే లేవు, వాటి చోటులో కూడా ఆకులే. హేమావతి తిరిగొచ్చి రాట్నం ముందు కూర్చుని, ఆ ఆకుల కోసం ఆకుపచ్చ కండె చుట్టింది. ఏం చేస్తుంది, చుట్టక. చుడుతున్నంతసేపూ ఆ దారం తన వేళ్ళ సందున జారుతూ ఉండటం ఆమెకు ఒళ్ళు మండించింది.

భోజనాల దగ్గర మొగుణ్ణి అడిగింది. ఆయన కోప్పడలేదు, పిల్లలకు చెప్పినట్టు చెప్పాడు. చీర కట్టుకునే పిల్లకు బాటనీ యాడ తెలుస్తాది? ఆకు లేకుంటే బోడిగా ఉంటాది, పెండ్లికి బోడి కాడలు ఎవరు కడతారు? పువ్వు లేని కాడలైతే మరీ అపశకునం. నీ బొమ్మ అమ్ముడు పోవల్లనే కదా నేను పెట్టించింది అన్నాడు.  ఆయన చారు అడిగితే చారు పోసింది.

ఆ చీర మగ్గం దిగిన వారానికి హిందూపురం నుంచి సత్యనారాయణ శెట్టి వచ్చాడు, వాళ్ళ చీరలు కొనే అంగడాయన. చీరను మడతలు పెట్టి తెచ్చి చాప మీద పరిచింది హేమావతి. కాఫీ కలిపి తెచ్చింది హేమావతి. శెట్టి కొంగు మీద చెయ్యి పెట్టి, పువ్వు కొత్తగా ఉండాదే, ఏం పువ్వప్పా ఇది అని అడిగాడు. గంగాధర ఒక్క క్షణం తడుముకుని, అడవిమల్లె అన్నాడు.

"ఎవరేసింది?"

"మా గంగాధర బుర్రే" అంది ఆదిలక్ష్మమ్మ, గోడ వారన కూర్చుని. గంగాధర కాదనలేదు. కాఫీ ఒక గుక్క తాగి, చక్కెర తక్కువుండాది హేమా అన్నాడు.

"ఆకులు మాత్రం బాగా కుదిరినాయి. ఆ ఆకుల్తోనే అందమంతా" అన్నాడు శెట్టి. ఇదే మాదిరి ఇంకో పది చీరలు కావాలన్నాడు.

హేమావతి చేతిలో ట్రే ఉంది. ఆమె దాన్ని నేల మీద పెట్టింది. అట్లాంటప్పుడు ఇంకో ఆడదైతే ఏడుస్తుందో అరుస్తుందో ఏమో. ఆమెకు ఇరవైనాలుగేళ్ళుగా ఆ ఇంట్లోంచి బయటపడటానికి ఒకటే తలుపు తెలుసు, నోరు దానికదే ఆ తలుపు తీసింది.

"అత్తా, నేను బయటుండా" అంది.

మెట్ల దాకా వచ్చాక గానీ ఆమెకు తను చేసింది తెలిసిరాలేదు. కిందటి వారమే ఆమె మూడు రోజులూ పైన గడిపి, తలకు పోసుకుని దిగింది. పైగా చీర మడత పెట్టిన చెయ్యి తనది, కాఫీ కలిపిన చెయ్యి తనది. వెనక చాప మీద మాటలు ఆగిపోయాయి. శెట్టి గ్లాసు సగంలో కింద పెట్టేశాడు. గంగాధర మొహం తెల్లబోయింది, ముహూర్తం చీర అది.

ఆదిలక్ష్మమ్మ గొంతు ఏ తొట్రుపాటూ లేకుండా వినిపించింది. "కాఫీ కలిపింది నేను, చీర మడిచింది నేను. అది పొద్దుటి నుంచి దేన్నీ ముట్టలేదు. తాగప్పా."

శెట్టి నవ్వి గ్లాసు ఎత్తుకున్నాడు. ఒక్క మాటతో అంతా సర్దుకుంది. మెట్ల మీద నిలబడి హేమావతి ఆ మాట పూర్తిగా విన్నది. పొద్దుటి నుంచి ఆమె చేసిన పనంతా అట్లా పోయింది, తుడిచినట్టు.

శెట్టిని బస్టాండులో దింపడానికి గంగాధర బండి తీశాడు. ఆదిలక్ష్మమ్మ గోడ పట్టుకుని నడిచొచ్చి కింది మెట్టు మీద కూలబడింది. హేమావతి పై మెట్టు మీద కూర్చుని ఉంది. తిడుతుందనుకుంది, తిట్టలేదు.

"నిలిచిపోయి ఎన్నాళ్ళాయె?"

"వచ్చే ఉగాదికి రెండేండ్లు."

"నాకు ఎప్పుడో అనుమానమే. పళ్ళెం తీసుకునేకి దిగుతావు కదా, అప్పుడు నీ మొగం చూస్తాంటి. అది నొప్పితో ఉండే ఆడదాని మొగం కాదు." ఆదిలక్ష్మమ్మ మోకాలు నిమురుకుంది. "నేనూ అట్లే ఎక్కినా ఆ గదికి. నిలిచిపోయినాక. నువ్వీ ఇంటికి రాకముందు సంగతి. మా అత్త పట్టుకునె. దిగొచ్చినా, ఇంక ఎక్కలేదు."

 అదే చాప, అదే తలుపు, అదే అబద్ధం. ఇన్నేళ్ళు ఒకే పొయ్యి ముందు ఒకరి పక్కన ఒకరు నిలబడి, ఒకరికొకరు చెప్పుకోలేదు. తన ఒంటరితనం తనొక్కదానిదే అనుకుంటూ వచ్చిందామె. కాదని తెలిశాక అది తగ్గాలి కదా, ఇంకా పెరిగినట్టనిపించింది.

"ఆడ ఏం చేస్తాంటివత్తా?"

"ఏం చేసేది. నిద్రపోతాంటి." ఆదిలక్ష్మమ్మ నవ్వబోయి మానేసింది. "పగటిపూట ఆడది పండుకోవల్లంటే ఇంకెట్ల కుదురుతాది?"

మగ్గం మీద అదే మాదిరి రెండో చీర నేస్తున్న ఎర్రిస్వామి కేక వేశాడు, అక్కా పచ్చ కండె అయిపోయింది అని. ఇద్దరిలో ఎవరూ లేవలేదు.

"గంగాధరకు నేను చెప్పను. ఇంక దిగు" అంది ఆదిలక్ష్మమ్మ. "నేను దిగల్యా? తెలిసిపోయినాక ఇంకేం సాకుతో ఎక్కుతావు పైకి?"

హేమావతి లేచి నిలబడింది. కిందికి చూస్తే రాట్నం కనిపిస్తోంది, దాని పక్కన ఆకుపచ్చ లడి. బూజు దారాల మీది నుంచి లేచిన ఆ జానెడు కాడ గుర్తొచ్చింది. పువ్వు పోయినాకనే, అంది మల్లిక.

"సాకేం లేదత్తా" అంది. "పైన నాకు పని ఉండాది."

పుట్టి బుద్ధెరిగినప్పటి నుంచి ఆమె పని చేస్తూనే ఉంది. నాకు పని ఉంది అని చెప్పడం మాత్రం అదే మొదలు.  ఆ మాట అనేసి వెనక్కి తిరిగి గదిలోకి పోయింది. తలుపు వేసుకోలేదు. దాక్కునే పని లేదు కాబట్టి బార్లా తెరిచే ఉంచి, పాత గళ్ళ కాగితాన్ని పక్కన పడేసి కొత్తది పరుచుకుంది. మొదట దారాల అల్లిక వేసింది. తర్వాత వాళ్ళు తీసేసిన పొడుగు కాడను అడుగు నుంచి మొదలుపెట్టి, ఒక్కో గడీ నింపుకుంటూ, కాగితం అంచు దాకా తీసుకుపోయింది.

కింద బండి ఆగిన చప్పుడైంది. ఎర్రిస్వామి మళ్ళీ అడిగాడు, పచ్చ కండె ఏదక్కా అని. గంగాధర చెప్పులు విడుస్తూ, రాట్నం దగ్గర ఎవరూ లేరేమని అడిగాడు, ఆ వెంటనే గొంతు తగ్గించాడు.

"ఏమ్మా, నిజంగానే బయటుండాదా?"

పైన హేమావతి పెన్సిలు ఆగింది. కింద ఆదిలక్ష్మమ్మ మెట్టు మీది నుంచి మూలుగుతూ లేచిన చప్పుడు, రాట్నం పక్కన పీట జరిపిన చప్పుడు.

"లేదు" అంది ఆదిలక్ష్మమ్మ. "పని చేసుకుంటాండాది."